ఆయన ఏమీ అనలేదు

"ఇవాళైనా నోరు తెరుస్తావా నాన్నా? లేకపోతే ఆ రోడ్డేదో మన వంటింట్లోంచే వేసుకుపొమ్మని చెప్పనా?"

ఆగస్టిన్ తలెత్తలేదు. టీలో పంచదార కలుపుతూనే ఉన్నాడు. అది కరిగిపోయి చాలాసేపయింది.

"పొద్దున్నే మొదలెట్టావా?" పొయ్యి దగ్గర బానక్ రొట్టె కాలుస్తున్న ఫిలొమెన్ ఇటు తిరిగింది. ఆగస్టిన్‌కి అక్క, బెర్నిస్‌కి మేనత్త. ఆ ఇంట్లో అందరికంటే గట్టి గొంతు ఆవిడదే. "వాణ్ణి టీ తాగనివ్వవే."

"ఆదివారం నుంచీ తాగుతూనే ఉన్నాడు కదా అత్తా. సరస్సులో సగం తాగేశాడు. ఒక్క మాట బయటికి రాలేదు."

"మాటలు నువ్వు మాట్లాడుతున్నావుగా, ఇంటిల్లిపాదికీ సరిపడా."

బెర్నిస్ కుర్చీ లాక్కుని తండ్రికి ఎదురుగా కూర్చుంది. ఒంటిమీద ఇంకా ఆ ఆకుపచ్చ చొక్కానే ఉంది, భుజం మీద 'నేల కాపరి' అని కుట్టిన చొక్కా. ఉద్యోగం మార్చి ఆఖరుతో పోయింది. ఏప్రిల్ వచ్చినా చొక్కా విప్పబుద్ధి కావడం లేదు.

ఆదివారం సాయంత్రం ఊరి రేడియోలో బింగో నడుస్తుండగా, ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య, అంకెలు చదివే గొంతుతోనే ఆ కబురూ చదివేశారు. గనికి వెళ్ళే రోడ్డు ఇరుకుపాయ మీదుగా పోతుంది, ఊరి పెద్దలకి అభ్యంతరం లేదని తేలింది, శుక్రవారం ఆఖరి సమావేశం, ఆ పై సోమవారం పని మొదలు. ఆ వెంటనే తర్వాతి అంకె, బి తొమ్మిది, అన్నారు. ఫిలొమెన్ తన బింగో చీటీని మడిచి పొయ్యిలో పడేసింది. ఆగస్టిన్ లేచి వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరితోనూ మాటల్లేవు.

ఇరుకుపాయ అంటే రెండు సరస్సులు కలిసే సన్నని చోటు. వలస పోయే కారిబూ జింకలు నీళ్ళు దాటేది అక్కడే. ఆగస్టిన్ తండ్రీ, తాతా అక్కడే వేటాడారు. బెర్నిస్ తల్లి ఆ గట్టుమీదే, చిన్న తెల్ల కంచె మధ్య సమాధిలో పడుకుని ఉంది.

"ఇవాళ శుక్రవారం," అంది బెర్నిస్. "మధ్యాహ్నం ప్రభుత్వం తరఫున ఆ ఆలిసన్ మేడం విమానం దిగుతుంది. మళ్ళీ అదే హాలు, మళ్ళీ అదే ప్రశ్న. 'వద్దు' అనాలి నాన్నా. రెండక్షరాలు. జనవరిలోనే అనుంటే ఇవాళ ఇలా దేబిరించాల్సిన పని ఉండేది కాదు."

ఆగస్టిన్ చెంచా తీసి బల్లమీద పెట్టాడు.

"జనవరిలో నీ పక్కనే కూర్చున్నా. మైకు నీ మూతి దగ్గర పెట్టా. ఊరంతా చూస్తోంది. నువ్వు నేలకేసి చూస్తూ కూర్చున్నావు. ఆవిడ నన్నడిగింది, పెద్దాయన ఏమన్నారని. ఏమీ అనలేదు అని నా నోటితో చెప్పాల్సి వచ్చింది. ఎంత తలవంపులో తెలుసా?"

"తలవంపులేమిటే?" ఫిలొమెన్ అట్లకాడ అలాగే పట్టుకుని వచ్చింది. "పెద్దవాడు నేలచూపులు చూశాడంటే ఏమిటో నీకు తెలీదా? వచ్చినవాళ్ళు అతిథులు. మొహం మీద కాదంటామా? చూపు దించుకుంటాం. తెలివున్నవాడైతే లేచి టోపీ పెట్టుకుని పోతాడు. మీ అమ్మని మీ నాన్నకి అడగడానికి ముందు, నన్నడగడానికి ఒకడొచ్చాడు, తెలుసా, ఆ అవతలి ఒడ్డు వాడు. మా నాన్న నేలకేసి చూశాడు. వాడు ఆ సాయంత్రమే కుక్కల బండి కట్టుకుని పోయాడు. పోట్లాట లేదు, పాడూ లేదు."

"వీళ్ళు కుక్కల బండి కట్టుకుని వచ్చినవాళ్ళు కాదు అత్తా. వీళ్ళకి మాట కావాలి."

"కారిబూ గురించి మాటకి మాట అనుకోకూడదు. అవి వింటాయి. మనం వాటికోసం కొట్టుకుంటున్నామని తెలిస్తే దారి మార్చుకుని పోతాయి. మీ నాన్న ఆ గట్టుమీద పుట్టినవాడు, గొంతెత్తి పోట్లాడతాడా?"

"పోట్లాడకపోతే రోడ్డు వేస్తారు. అప్పుడూ దారి మార్చుకునే పోతాయి."

ఫిలొమెన్ అట్లకాడ దించింది. రొట్టె మాడిన వాసన వస్తే అటు పోయింది.

తలుపు తోసుకుని క్లిఫర్డ్ వచ్చాడు. బెర్నిస్ తమ్ముడు, రెండిళ్ళ అవతల కాపురం. బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చినవాడు అందరూ తనకేసే చూస్తున్నారని గమనించి ఆగిపోయాడు. కొత్త కోటు తొడుక్కున్నాడు. నారింజ రంగుది, వీపు మీద రోడ్డు కంపెనీ పేరు.

"చలేస్తోంది, వేసుకున్నా," అన్నాడు.

"చలి ఇవాళే వచ్చిందా ఊళ్ళోకి?" అంది బెర్నిస్.

"అక్కా, నీతో పోట్లాడ్డానికి రాలేదు. షెడ్డు తాళం ఇస్తావని వచ్చా. కాపరుల మంచుబండ్లు తీసుకుపోవాలి. ఆఫీసు నుంచి ఫోనొచ్చింది."

"ఆఫీసు వస్తువులు తీసుకెళ్ళడానికి రోడ్డు కంపెనీవాడు వచ్చాడన్నమాట."

"వాళ్ళ లారీ అక్కడే ఉంది కాబట్టి అడిగారు."

ఆగస్టిన్ లేచాడు. కొడుకు కోటు వంక ఒక్కసారి చూశాడు. ఎండుమాంసం సంచీ తీసి, ఒక పెద్ద ముక్క విరిచి క్లిఫర్డ్ చేతిలో పెట్టి, గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. తిట్టి ఉంటే క్లిఫర్డ్ హాయిగా తినేవాడు. ఆ ముక్కని ఏం చెయ్యాలో తెలియక కొత్త కోటు జేబులో పెట్టుకున్నాడు.

*

షెడ్డు తలుపు మంచుకి బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి భుజాలతో నెడితే గాని తెరుచుకోలేదు.

లోపల రెండు మంచుబండ్లు, నీటి నమూనాలు పట్టే సీసాలు, దుర్భిణి, మడిచిపెట్టిన డేరా. మూడేళ్ళుగా బెర్నిస్ లోకం అది. చలికాలమంతా మంచుబండి మీద ఇరుకుపాయ దాకా పోయేది. కారిబూ ఎన్ని వచ్చాయో, దూడలు ఎన్ని బతికాయో, మంచు ఎక్కడ పలచబడిందో చూసొచ్చేది. రాత్రి ఆగస్టిన్ పక్కన కూర్చుని చెప్పేది. ఆయన విని, ఫలానా గట్టు వెనక చూశావా అనేవాడు. చూసి ఉండేది కాదు. మర్నాడు పోయి చూస్తే అక్కడ ఉండేవి.

ఆ ఉద్యోగం పుట్టినప్పుడు ఎంత ఆర్భాటం. దేశంలో నూటికి ముప్ఫై వంతుల నేలనీ నీళ్ళనీ కాపాడి తీరతామని రాజధాని ఒట్టావాలో మాటిచ్చారు. మంత్రిగారొకరు ఇరుకుపాయ దాకా వచ్చి, ఆగస్టిన్ భుజం మీద చెయ్యేసి ఫొటో దిగి, ఎండుమాంసం నమల్లేక జేబురుమాల్లో ఉమ్మేశారు. మీరే ఈ నేలకి కాపరులు, ఇది పదికాలాల పని అన్నారు. ఆ తర్వాత పక్కదేశంతో పేచీలొచ్చాయి, ధరలు పెరిగాయి, దేశం నిలవాలంటే గనులూ రోడ్లూ త్వరగా కావాలన్నారు. త్వరగా కావడానికి ఒక చట్టం చేశారు. కాపరుల డబ్బు మాత్రం 'సమీక్షలో ఉంది' అన్నారు. ఈ ప్రభుత్వాలకి నేలమీద భక్తి ఏటా మార్చి నెలాఖరుకి అయిపోతుంది. మళ్ళీ పుడుతుందో లేదో పుట్టేదాకా తెలీదు.

"ఎక్కడికి తీసుకుపోతారు వీటిని?" అంది బెర్నిస్.

క్లిఫర్డ్ బండి మీది గుడ్డ లాగుతూ తల తిప్పుకున్నాడు. "ఎక్కడికీ పోవు. ఊళ్ళోనే ఉంటాయి. కంపెనీ తీసుకుంది."

"ఏమిటీ?"

"కొనేసుకుంది. బండ్ల మీది బొమ్మ మారుస్తారు, అంతే. రోడ్డు పక్కన జంతువుల్ని కనిపెట్టి చూడ్డానికి మనుషులు కావాలట. ఒట్టావావాళ్ళే పెట్టిన షరతు. జీతం కంపెనీ ఇస్తుంది." కాసేపాగి అన్నాడు, "నీ పేరిచ్చా."

బెర్నిస్ నవ్వింది. ఆ నవ్వు క్లిఫర్డ్‌కి నచ్చలేదు.

"నా పేరిచ్చావా. అడక్కుండానే."

"అడిగితే తిడతావని అడగలేదు. అక్కా, కోపం తగ్గాక ఆలోచించు. అదే బండి, అదే దారి, అదే పని."

"లారీ కింద పడి చచ్చిన కారిబూని లెక్కపెట్టే పని."

"ఇన్నాళ్ళూ బతికున్నవాటిని లెక్కపెట్టావు. దానివల్ల రోడ్డు ఆగిందా?"

ఈ మాట గట్టిగానే తగిలింది. బెర్నిస్ సీసాలున్న పెట్టె మీద కూర్చుంది.

"నాకూ తెలుసు అది చెడ్డదని," అన్నాడు క్లిఫర్డ్, గొంతు తగ్గించి. "మా ఇంట్లో పిల్లలు అన్నం బదులు చిప్స్ తిని పడుకుంటే ఏ మంత్రి వచ్చి ఫొటో దిగుతాడు? నీ ఉద్యోగం వాళ్ళు ఇచ్చినన్నాళ్ళే. నాది గని తవ్వినన్నాళ్ళు. ఏది పెద్దదో నువ్వే చెప్పు."

"నాన్న ఒక్క మాట అనుంటే నీకు ఈ బేరం వచ్చేదే కాదు. అందుకేగా ఆయన మొహం చూడలేకపోతున్నావు? నేనైతే చూడగలను. చూసి అడుగుతున్నాను. ఆయనకే నోరు రావడం లేదు."

"నాన్నని తిట్టడం ఆపు."

"ఎందుకాపాలి?"

క్లిఫర్డ్ తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"జనవరిలో నేను వెనక బెంచీలో ఉన్నా," అన్నాడు. "నువ్వు నాన్నవైపు చూస్తున్నావు. నేను ఆ ఆఫీసావిడ మొహం చూశా. నువ్వు చెప్పింది విన్నాక ఆవిడ మొహం."

"ఎలా ఉందేం?"

"నా నోటితో చెప్పను. ఆవిణ్ణే అడుగు." తాళంచెవి లేకుండానే బయటికి పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "అడక్కపోయినా మంచిదే."

*

సమావేశానికి బయల్దేరేముందు ఆగస్టిన్ పొయ్యి మూత తీసి, ఎండుమాంసం తునకా చిటికెడు పొగాకూ నిప్పులో వేశాడు. ఏ పెద్ద పనికైనా ముందు ఆ ఇంట్లో నిప్పుకి పెట్టాకే బయటికి అడుగేస్తారు. ఫిలొమెన్ కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. తండ్రి పెదవులు కదుల్తాయేమోనని బెర్నిస్ చూసింది. కదల్లేదు.

ఆయన వంగలేడు. బెర్నిస్ మోకాళ్ళ మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టింది. పొద్దుటి కోపం పోలేదు గాని, ఆ పాదాలు చేతిలోకొచ్చేసరికి గొంతు కొంచెం మెత్తబడింది.

"నాన్నా, నీకు ఇంగ్లీషు వచ్చు. నాకు తెలుసు. చిన్నప్పుడు ఇంట్లోంచి లాక్కుపోయి పెట్టిన ఆ బడిలో కొట్టి నేర్పారు, బయటికొచ్చాక ఒక్క మాట మాట్లాడనని ఒట్టేసుకున్నావు. ఒట్టు తప్పమనడం లేదు. మన భాషలోనే చెప్పు. నేను ఇంగ్లీషులో చెప్తా. ఎప్పుడూ చెప్పేదే కదా."

ఆగస్టిన్ ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. ఆదివారం తర్వాత మొదటిసారి నోరు విప్పాడు.

"తిట్టాలనుంటే నన్నే తిట్టు," అన్నాడు. "ఇంకెవర్నీ తిట్టకు."

"ఇంకెవర్ని తిడతాను?"

ఆయన టోపీ అందుకుని లేచాడు. ఫిలొమెన్ తమ్ముడి మొహంలోకి ఒకసారి, మేనకోడలి మొహంలోకి ఒకసారి చూసింది. ఆవిడకి ఏదో అర్థమయింది కాబోలు, చేతిలో పని లేకపోయినా వెనక్కి తిరిగి బల్ల తుడవడం మొదలుపెట్టింది.

*

హాలు నిండిపోయింది. పెద్దలకోసం ముందు వరసలో మెత్తటి కుర్చీలు వేశారు. పక్కన బల్లమీద టీ కూజా, దాని పక్కన ఆలిసన్ ప్రూయిట్ తెచ్చిన నారింజపళ్ళ పెట్టె. ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే బెర్నిస్‌కి ఎంతో తేలికగా ఉండేది. వచ్చినప్పుడల్లా ముసలివాళ్ళకి పళ్ళు తెస్తుంది. ఆ ఊరి డెనే భాషలో పలకరింపు నేర్చుకుని, తప్పో ఒప్పో అందరికీ చెప్తుంది.

బెర్నిస్ తండ్రి పక్కన కూర్చుని మైకు తీసుకుంది. రెండు భాషలూ వచ్చినవాళ్ళు ఊళ్ళో లేకపోలేదు. పెద్దలు ఆగి ఆగి చెప్పే మాట పూర్తయ్యేదాకా ఊరుకోగలది మాత్రం ఆమే. చిన్నప్పుడే ఫిలొమెన్ నేర్పింది. పెద్దలు అన్నది అన్నట్టు చెప్పు, అననిది నీ నోట రాకూడదు. బెర్నిస్ ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. అందుకే పెద్దలందరికీ ఆమే కావాలి.

ఆలిసన్ లేచి మాట్లాడింది. కాపరుల పథకం ఎంత గొప్పగా నడిచిందో చెప్పింది. నిధులు ముగిసినందుకు స్వయంగా బాధపడుతున్నానంది. అయితే కొత్త పద్ధతిలో అదే కాపలా పని రోడ్డుతోపాటే సాగుతుందంది. ఇరుకుపాయని రక్షిత ప్రాంతంలో చేర్చే ఆలోచన విరమించుకోలేదని, రోడ్డు పోగా మిగిలిన భాగం తప్పకుండా పరిశీలిస్తారని చెప్పింది. బెర్నిస్ ఒక్కో వాక్యాన్నీ డెనేలోకి తిప్పింది. రోడ్డు పోగా మిగిలిన భాగం అన్నప్పుడు వెనక ఎవరో దగ్గారు.

"రోడ్డు పోగా మిగిలేదేమిటి?" అని ఫిలొమెన్ కూర్చున్నచోటి నుంచే అంది. "చేప తిని ముల్లు మాకు పెడతారా?"

బెర్నిస్ అదీ ఇంగ్లీషులో చెప్పింది. ఆలిసన్ ఎర్రబడి, పెద్దావిడ బాధ అర్థమైందంది.

అప్పుడు బెర్నిస్ మైకు దించలేదు.

"ఇది ఎవరి తరఫునా కాదు, నేనే అడుగుతున్నా," అంది. "పెద్దలకి అభ్యంతరం లేదని రేడియోలో చదివించారు. అభ్యంతరం లేదని మీతో ఎవరన్నారు?"

ఆలిసన్ ఆశ్చర్యపోయింది. కాగితాల వైపు కూడా చూడలేదు.

"మీరే కదా బెర్నిస్."

"నేనా?"

"జనవరిలో. ఇక్కడే. ఆగస్టిన్‌గారిని సూటిగా అడిగాను, రోడ్డు వల్ల మీకేమైనా అభ్యంతరం ఉందా అని. చాలాసేపు ఆగాం. తర్వాత మిమ్మల్ని అడిగాను, ఆయన ఏమంటున్నారని. ఏమీ అనలేదు అన్నారు మీరు. ఇంకేమైనా చేర్చాలా అని మళ్ళీ అడిగాను. లేదు, అంతే అన్నారు. ఆ రోజు నాకు ఎంత తేలికనిపించిందో. ఈయన కాదంటే మేము ముందుకి వెళ్ళేవాళ్ళం కాదు."

వెనక బెంచీలో క్లిఫర్డ్ నారింజ కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఏమీ అనలేదు. ఆ మాట చెప్పినప్పుడు బెర్నిస్ చెవులకి అది తలుపు మొహాన వేసినట్టే వినిపించింది. అంతకంటే గట్టిగా కాదనడం ఆ ఊళ్ళో ఎవరికీ రాదు. ఆయన మౌనానికి అర్థం చెప్పడం ఆయన నోట్లో మాటలు కుక్కడమవుతుందని, ఉన్నది ఉన్నట్టు చెప్పి, సరిగ్గా చెప్పానని తృప్తిపడి ఇంటికి పోయింది. ఆలిసన్ చెవికి అదే మాట తలుపు తెరిచినట్టు వినిపించింది.

నాన్న పక్కనే ఉన్నాడు. నాన్నకి ఇంగ్లీషు వచ్చు. ఆ రోజు తను చెప్పిందీ విన్నాడు, ఆవిడ మొహమూ చూసే ఉంటాడు. ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదు. ఆదివారం రేడియోలో అదే తిరిగొస్తే వెళ్ళి పడుకున్నాడు. నోరు తెరిస్తే ఆ మాట వస్తుందని తెరవలేదు. తను పొద్దున్నే లేచి, నీ వల్లే, నీ వల్లే అని ఆయన టీ చల్లారిపోయేదాకా తిట్టింది.

"ఒకవేళ," అంది బెర్నిస్. గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ఒకవేళ ఆ రోజు విషయం సరిగ్గా మీకు చేరకపోతే?"

ఆలిసన్ పక్కన కూర్చున్న కుర్రలాయరు వంగి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ తలూపింది.

"స్పష్టంగా చెప్పడం న్యాయం," అంది. "ఆ రోజు మాట తప్పుగా చేరిందని తేలితే, మళ్ళీ మొదటినుంచి అందర్నీ వినాలి. అప్పటిదాకా పని మొదలుకాదు. అయితే తప్పు ఎక్కడ జరిగిందో మీరు ఇక్కడే అందరిముందూ చెప్పాలి. అలా కాకుండా పెద్దాయన అప్పుడు ఒప్పుకుని ఇప్పుడు మనసు మార్చుకుంటే, ఆ మాట గౌరవంగా తీసుకుంటాం. కాని పని ఆగదు."

డెనేలోకి తిప్పాల్సిన పని బెర్నిస్‌దే. తిప్పకముందే ఆగస్టిన్ లేచి నిలబడ్డాడు.

ఆయన నిలబడితే హాలు ఎప్పుడూ నిలబడుతుంది. పిల్లలు కూడా లేచారు. ఆయన టోపీ తీసి రెండుచేతులా పట్టుకున్నాడు. ఈసారి నేలకేసి చూడలేదు. ఆలిసన్ మొహంలోకే చూస్తూ డెనేలో, తొందర లేకుండా మాట్లాడాడు.

"మా అమ్మాయి సరిగ్గానే చెప్పింది. ఆ రోజు నాకు అభ్యంతరం లేదు. రోడ్డు వస్తే మంచిదే అనుకున్నాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. ముసలివాణ్ణి, మాట మీద నిలవలేకపోయాను. తప్పు నాది. పిల్లకి ఇందులో సంబంధం లేదు."

భాష తెలిసినవాళ్ళ మధ్య చిన్న కదలిక పుట్టింది. ముందు వరసలో ఒక ముసలాయన ఆగస్టిన్ మొహం చూడలేక చూపు తిప్పుకున్నాడు. ఆ ఊళ్ళో ఆగస్టిన్ అబద్ధమాడగా ఎవరూ ఎరగరు. ఇరుకుపాయని ఇచ్చేస్తానని మనసులో అనుకున్నాడని ఇప్పుడు అందరూ విన్నారు, ఆయన నోటితోనే. ఫిలొమెన్ చేతిలో టీ కప్పు ఒళ్ళో ఒలికిపోతోంది. ఆవిడకి తెలియడం లేదు.

ఆగస్టిన్ కూర్చున్నాడు. కూర్చుంటూ కూతురి చెయ్యి మీద వేలితో మెల్లిగా తట్టాడు, చెప్పు అన్నట్టు.

"ఏమన్నారు ఆయన?" అని ఆలిసన్ అడిగింది. జనవరిలో అడిగినట్టే, మర్యాదగా, తల కొంచెం ముందుకి వంచి.

అన్నది అన్నట్టు చెప్తే చాలు. సోమవారం రోడ్డు మొదలవుతుంది, తన పేరుకి మచ్చ రాదు, షెడ్డు తాళంచెవి జేబులోనే ఉంటుంది. ఆయన అడుగుతున్నదీ అదే. ఇరుకుపాయనీ, అమ్మ పడుకున్న గట్టునీ, బతికినన్నాళ్ళూ నిలుపుకున్న మాటనీ కలిపి ఆమె చేతిలో పెట్టి, తీసుకో అంటున్నాడు.

బెర్నిస్ లేచి నిలబడింది. తండ్రి వైపు చూడలేదు. చూస్తే నోరు రాదని తెలుసు.

"మా నాన్న అబద్ధం చెప్తున్నాడు," అంది ఇంగ్లీషులో. ఆ తర్వాత అదే మాట, హాలంతా వినేలా, డెనేలో చెప్పింది.

ముందు వరసలో ఎవరిదో కుర్చీ వెనక్కి జరిగింది. ఆ తప్పు తనదేనని చెప్పడానికి బెర్నిస్ మైకు దగ్గరికి తీసుకునేలోపే ఆగస్టిన్ లేచాడు. కాదనిపించుకున్న అతిథిలా, ఒళ్ళోంచి టోపీ తీసి తలకి పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, కుర్చీల మధ్య నుంచి తలుపు వైపు నడిచాడు.